ఇంట్లో కొట్లాట – బిడ్డకు దిగులు
(బద్వేలులో మాట్లాడిన మాటలు)



వాన లేదు. కూలి లేదు. అప్పిచ్చినోడు వాకిట్లో నిలబడతాడు. వాని ముందర నోరెత్తలేని మగోళ్లం ఆ కోపమంతా ఇంటికి తెచ్చి పెండ్లాం మీద దించుతున్నాం. మూలన బిడ్డ నిద్రపోయింది అనుకుంటాం. నిద్రపోదు. రాత్రి పక్కలో ఉచ్చ పోసుకుంటాది. పొద్దున కూడు తినదు. బడికి పొమ్మంటే కడుపునొప్పి అంటాది. దిగులు పట్టిందని తాయెత్తు కట్టిస్తాం. పట్టించింది మనమే గదా!

పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడోళ్లు 1992లో సారా అంగడి మూయించినారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఇంటి గుట్టు అనుకున్నదాన్ని వాళ్లు వీధిలో పెట్టినందుకే వచ్చింది. (బ్రాందీ అంగళ్లు మిగిలే ఉండాయి, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.)

మన కడప జిల్లా తల్లులు ఎంతమందో ఇంటిపనికి కువైట్ పోతాండారు. ఫోన్లో గూడా దుడ్ల కాడ మొగుడూ పెండ్లాల కొట్లాటే. బిడ్డ పక్కన నిలబడి వింటాది. తన వల్లే అమ్మ పోయిందనుకుంటాది. "నీ వల్ల కాదమ్మా, అప్పు వల్ల" అని ఎవురన్నా చెప్పినామా?

చేయెత్తినోళ్లలో మేమూ ఉండాం, దాచుకోము. వచ్చే కూటంలో కూలి రేటుతో పాటు ఈ మాట గూడా ఎత్తుతాం. ఆ పొద్దు మగోళ్లు ముందు వరసలో కూచోవాల.