కంప్యూటరు ఒప్పందం – మాటకు పూచీ

బళ్ళారిలో మిల్లు నడిపేవారైనా, బరంపురంలో పట్టుచీరల కొట్టు ఉన్నవారైనా లెక్కలకు కంప్యూటరు పెట్టించుకోవలసిన కాలం ఇది. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు, బ్రిటన్‌లో జరిగిన ఒక దావా సంగతి వినండి.

2000లో అక్కడి స్కై టెలివిజన్ సంస్థ, చందాదారుల సేవల కోసం కంప్యూటరు వ్యవస్థ అమర్చే పనిని సుమారు 4 కోట్ల 80 లక్షల పౌండ్లకు ఈడీఎస్ కంపెనీకి అప్పగించింది. గడువు దాటినా పని తెమలలేదు. 2002లో స్కై ఆ పనిని తానే చేపట్టింది. 2004లో దావా వేసింది.

నష్టం ఎంతైనా తమ పూచీ 3 కోట్ల పౌండ్లు దాటదన్న షరతును ఈడీఎస్ చూపింది. అయితే గడువు గురించి మాట ఇచ్చిన అధికారి తన ఎంబీఏ పట్టా విషయంలో కోర్టులో అబద్ధమాడాడు. అవతలి న్యాయవాది అదే విద్యాసంస్థ నుంచి తన కుక్కకు పట్టా తెప్పించి చూపాడు. మార్కులు కుక్కకే ఎక్కువ!

అసలు తీర్పు పట్టా మీద కాదు. సరైన లెక్క కట్టకుండానే, కట్టామని చెప్పి గడువు ఒప్పించడం మోసమని 2010లో కోర్టు తేల్చింది. మోసం చేసినవారిని ఆ షరతు కాపాడలేదు. చివరికి 31 కోట్ల 80 లక్షల పౌండ్లకు రాజీ కుదిరింది.

మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం కూడా మోసపోయినవారికి ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు ఇస్తోంది. కానీ రుజువు కావాలి. కనుక ఏ పని, ఎన్నాళ్ళలో, ఆ గడువు ఏ లెక్కన, ఎలా పరీక్షించి అప్పగిస్తారు, అన్నీ కాగితం మీద రాయించుకోండి. పని జరిగేకొద్దీ డబ్బు కట్టండి. నోటిమాట గాలికి పోతుంది, రాత నిలుస్తుంది.