యుద్ధం మిగిల్చిన తల్లులు, పిల్లలు

యుద్ధంలో తండ్రిని పోగొట్టుకున్న పిల్లలందరూ ఆశ్రమాలకు చేరరు. చాలామంది తల్లి దగ్గరో, అమ్మమ్మ, నాయనమ్మల దగ్గరో పెరుగుతారు. యునిసెఫ్ లెక్కలో తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా ఆ బిడ్డ అనాథే. కాబట్టి మొదట చూడాల్సింది తల్లి హక్కుల సంగతి. తల్లికి పని ఉంటేనే బిడ్డకు అన్నం.

అఫ్గానిస్తాన్‌నే చూడండి. దశాబ్దాల యుద్ధం ఎందరో ఆడవాళ్లను ఒంటరి చేసింది. 2021లో తాలిబన్లు తిరిగి వచ్చాక, ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి మూతపడింది. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులూ మూశారు. స్వచ్ఛంద సంస్థల్లో ఆడవాళ్లు పనిచేయకూడదన్నారు. ఇది ఘోరమైన అన్యాయం. అక్కడ పరాయి మగవాడు వితంతువు ఇంటికి వెళ్లి సాయం అందించడం కష్టం. ఆ పని ఆడవాళ్లే చేయాలి. వాళ్లను ఆపితే పిల్లల నోటి దగ్గర కూడు ఆగినట్టే.

తల్లి నిలబడితేనే బిడ్డ నిలబడుతుందన్న సంగతి మన దేశంలో సంఘసేవకురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఎప్పుడో గ్రహించారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. ఆసరా లేని ఆడవాళ్లకు చదువు చెప్పించారు, చేతిపని నేర్పించారు.

ఇక తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లల సంగతి. వాళ్లకు ఆశ్రయం కావాలి. హైదరాబాద్ శివారులోని తుర్కయాంజాల్ నుంచి నగరంలోకి వెళ్తుంటే, ఎల్‌బీ నగర్ దాటాక విక్టోరియా మెమోరియల్ హోమ్ వస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలం నాటి అనాథ బాలల నిలయం అది. దిక్కులేని బిడ్డ ఎక్కడ కనిపించినా బాలల సహాయవాణి 1098కి ఫోన్ చేయాలి. జాలిపడి నేరుగా ఇంటికి తీసుకుపోకూడదు. దత్తత చట్టప్రకారమే జరగాలి.