రక్తాన్ని తోడుపెట్టే థ్రాంబిన్ – బాలింత కాలి వాపు

(ప్రసూతి వార్డులో రోగుల బంధువులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)



మీ కూతురికో, కోడలికో ఆపరేషన్ చేసి కాన్పు చేశారు. మరుసటి రోజే మేము మంచం దగ్గరికి వచ్చి, "లేచి నాలుగు అడుగులు వెయ్యమ్మా" అంటాము. "పచ్చి బాలింతను నడిపిస్తారేమిటి సిస్టరమ్మా?" అని మీరు కోప్పడతారు. ఆ కోపం ప్రేమతో వచ్చేదే. అయితే మేము నడవమనడానికి కూడా కారణం ఉంది. అది తెలియాలంటే మన రక్తంలో ఉండే థ్రాంబిన్ గురించి కొంచెం తెలుసుకోవాలి.

రక్తంలోని కణాలను తీసివేస్తే మిగిలే పసుపు రంగు ద్రవాన్ని ప్లాస్మా అంటారు. ఇందులో ప్రోత్రాంబిన్ అనే పదార్థం తిరుగుతూ ఉంటుంది. దీన్ని మన కాలేయం తయారు చేస్తుంది. అందుకు విటమిన్ కె కావాలి. మామూలుగా ఇది నిద్రపోతున్నట్టే ఉంటుంది. చెయ్యి తెగిందనుకోండి, వెంటనే అది థ్రాంబిన్ అనే ఎంజైమ్‌గా మారుతుంది.

గిన్నెడు పాలను చుక్క మజ్జిగ తోడుపెడుతుంది కదా! అలాగే కొద్దిపాటి థ్రాంబిన్, ప్లాస్మాలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. ఆ దారాలు వలలా అల్లుకుంటాయి. వలలో రక్తకణాలు చిక్కుకుని గడ్డ ఏర్పడుతుంది, రక్తం ఆగుతుంది.

థ్రాంబిన్‌కు రెండో పని కూడా ఉంది. రక్తనాళం లోపలి పొరకు తెల్ల రక్తకణాలు వచ్చి అంటుకునేలా చేస్తుంది. ఆ పొర సందుల నుండి నీరు బయటికి ఊరేలా చేస్తుంది. గాయం చుట్టూ వాపు, ఎరుపు, వేడి రావడానికి ఇది ఒక కారణం. గాయం ఉన్నచోట ఇది మేలే. అక్కరలేని చోట జరిగితేనే ముప్పు.

కాన్పులో ఎక్కువ రక్తం పోకుండా ఉండడానికి గర్భిణి రక్తానికి గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది. కాన్పు తరువాత సుమారు 6 వారాల వరకు ఆ గుణం ఎక్కువగానే ఉంటుంది. నడిచినప్పుడు పిక్క కండరాలు బిగిసి రక్తాన్ని పైకి, గుండె వైపు నెడతాయి. బాలింతను మంచం దిగనివ్వకుండా, నీళ్లు కూడా తాగనివ్వకుండా ఉంచితే కాలి సిరల్లో రక్తం మందగిస్తుంది. అక్కడ థ్రాంబిన్ పని మొదలుపెడితే గడ్డ ఏర్పడుతుంది. గడ్డ వలన సిర వాస్తుంది. వాచిన సిరలో గడ్డ ఇంకా పెరుగుతుంది. ఆ గడ్డలోంచి ముక్క ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అమ్మాయిని తొలి కాన్పు తరువాత ఇంటికి పంపించాము. బిడ్డకు వేయించాల్సిన టీకాల గురించి అన్నీ చెప్పాను. తల్లి కాలి గురించి ఒక్క మాట చెప్పలేదు. పదో రోజున ఎడమ పిక్క వాచింది. బాలింత వాతమనుకుని వాళ్ల అమ్మమ్మ రెండు పూటలా నూనె రాసి గట్టిగా మర్దన చేసింది. మూడో రాత్రి ఆ అమ్మాయిని ఆయాసంతో, గుండె దడతో తీసుకువచ్చారు. రాత్రంతా ఆక్సిజన్ పెట్టి పక్కన కూర్చున్నాము. దేవుని దయ వలన బతికింది. "నా చేతులతోనే చేశానమ్మా" అని ఆ ముసలమ్మ ఏడ్చింది. తప్పు ఆమెది కాదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. అప్పటి నుండి నేను చెప్పకుండా ఎవరినీ ఇంటికి పంపలేదు.

కాన్పు తరువాత రెండు పాదాలకూ కొద్దిగా నీరు రావడం చాలామందిలో మామూలే. కానీ ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకండి:

– ఒక్క కాలే వాయడం
– పిక్కలో గానీ తొడలో గానీ నొప్పి, వేడి, ఎరుపు
– అకస్మాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం, స్పృహ తప్పడం

కాలు వాస్తే మర్దన చేయకండి, కాపడం పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. డాప్లర్ స్కాన్‌లో గడ్డ ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

గడ్డ ఉంటే మొదట హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. మన రక్తంలో థ్రాంబిన్‌కు కళ్లెం వేసే యాంటీథ్రాంబిన్ ఉంది, హెపారిన్ దాని బలాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. తరువాత వార్ఫరిన్ మాత్రలు ఇవ్వవచ్చు. ఇవి విటమిన్ కె పనిని తగ్గిస్తాయి కాబట్టి కాలేయంలో పనిచేసే ప్రోత్రాంబిన్ తక్కువగా తయారవుతుంది. ఈ మందులు గడ్డను కరిగించవు, పెరగకుండా ఆపుతాయి. కరిగించే పని మన శరీరమే మెల్లగా చేసుకుంటుంది. అందుకే కనీసం 3 నెలలు వాడాలి. వాపు తగ్గిందని మధ్యలో మానితే గడ్డ మళ్లీ కట్టవచ్చు.

వార్ఫరిన్ వాడేటప్పుడు ఐ.ఎన్.ఆర్. అనే రక్త పరీక్ష చేయించాలి. ఈ జబ్బులో అది సాధారణంగా 2 నుండి 3 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం. ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువ. వాటిని మానవద్దు, ఒక వారం రోజూ తిని మరో వారం అసలు తినకుండా ఉండవద్దు. ఎప్పుడూ ఒకే మోతాదులో తినండి. మందుల షాపులో నొప్పి మాత్రలు సొంతంగా కొని వేయకండి. హెపారిన్, వార్ఫరిన్ వాడుతున్న తల్లి బిడ్డకు పాలు ఇవ్వవచ్చు. వార్ఫరిన్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది కనుక, మళ్లీ గర్భం అనుకునే ముందే డాక్టరు గారికి చెప్పండి.

అమ్మలారా, రేపు మేము వచ్చి మీ అమ్మాయిని లేవమన్నప్పుడు మీరే చెయ్యి అందించండి. బాత్రూమ్ దాకా నడిపించండి. దాహమైతే నీళ్లు తాగనివ్వండి. ఇంటికి వెళ్లాక రోజూ ఒకసారి ఆమె రెండు కాళ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. అలా చూడడానికి అర నిమిషం చాలు.