వీల్‌చెయిర్‌తో థీమ్ పార్కుకు

వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లకు థీమ్ పార్కులో ఆనందం దొరుకుతుందా? తప్పకుండా! అమెరికాలోని శాన్ ఆంటోనియోలో, 2010లో మోర్గన్స్ వండర్‌ల్యాండ్ అనే పార్కు తెరిచారు. అక్కడ రంగులరాట్నం ఎక్కాలంటే కుర్చీ దిగక్కర్లేదు. ఉయ్యాల కూడా అంతే, కుర్చీతోనే ఊగవచ్చు. నీళ్లలో ఆడుకోవడానికి గాలి ఒత్తిడితో నడిచే కుర్చీలున్నాయి. దివ్యాంగులకు ప్రవేశం ఉచితం.

మరి మన దగ్గర? బయలుదేరే ముందే పార్కుకు ఫోన్ చేయండి. మూడు సంగతులు అడగండి. దారిలో ర్యాంపులున్నాయా? కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉందా? ఏయే రైడ్లు ఎక్కనిస్తారు?

అడగడానికి మొహమాటం వద్దు. జనం వాడే చోట్లు దివ్యాంగులకూ అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. అది దయ కాదు, హక్కు. మళ్లీ చెబుతున్నాను: ర్యాంపు, మరుగుదొడ్డి, రైడ్లు. ఈ మూడూ అడిగి, ధైర్యంగా బయలుదేరండి.