‘జ్ఞా’ తెచ్చిన తంటా



2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను ముప్పుతిప్పలు పెట్టింది. అది ‘జ్ఞా’. మనకది ఒక్క అక్షరం. యంత్రానికి నాలుగు సంకేతాలు: జ, పొల్లు, ఞ, దీర్ఘం. వాటి నడుమ కంటికి కనిపించని ఐదో గుర్తు చేరితే, ఆ సందేశం చూపబోయిన యాప్ మూతపడేది. మళ్లీ తెరిచినా అంతే. ఆ నెల 19న ఆపిల్ సంస్థ 11.2.6 సవరణతో సరిచేసింది.

“మన అక్షరం ఫోన్లను చెడగొడుతుందా సార్?” అని మా బడి పిల్లవాడొకడు అడిగాడు. అక్షరానిది కాదు నాయనా, గీయడం చేతగాని ప్రోగ్రాముది తప్పు అన్నాను. అయితే ఆ పిల్లవాడూ తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేస్తాడు. మనమే రాయని అక్షరాన్ని యంత్రానికి నేర్పేదెవరు?

ఈ రాత్రి మీ పిల్లల చేత ‘జ్ఞానం’ అని ఒక్కసారి రాయించండి. సెలవు.