కప్పం మధురకు, కావలి పాళేనికి



ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్లో తమిళం చదువుకున్న కోవిల్‌పట్టి, విరుదునగర్ మిత్రుల ముందు సామ్రాజ్యాల పాలన గురించి చెప్పమన్నారు. అందుకు రోము దాకా పోనక్కర్లేదు, కాయత్తారు దాకా పోతే చాలు.

అశోకుడు కర్నూలు సీమలోని ఎర్రగుడి బండల మీద ప్రాకృతంలోనూ, కాందహారులో గ్రీకు, అరమాయిక్ భాషల్లోనూ శాసనాలు చెక్కించాడు. పాండ్యులను మాత్రం తన ఎల్లకు అవతలివాళ్లుగానే లెక్కగట్టాడు. ఉత్తరాది నుంచి వచ్చిన ఏలుబడి ఈ నేలలో నిలదొక్కుకున్నది విజయనగరం రోజుల్లో. 1529 ప్రాంతంలో విజయనగర రాజుల తరఫున విశ్వనాథ నాయకుడు మధురలో కుదురుకున్నాడు. ఆయన తెలుగువాడు, కుడిభుజంగా నిలిచిన దళవాయి అరియనాథ మొదలియారు తమిళుడు.

ఈ ఇద్దరూ దేశాన్ని 72 పాళేలుగా (సైన్యం పోషించే చిన్న సీమలుగా) పంచి, మధుర కోట బురుజులు 72 ఉంటే తలా ఒకటి వాటి ఏలికలైన పాళెగాళ్లకు అప్పగించారని ప్రతీతి. లెక్క సంగతి ఎలా ఉన్నా ఏర్పాటులోని తెలివి చూడండి. పడమటి కొండల అంచున పాతుకుపోయిన మరవ నాయకులను కదిలించకుండా పాళెగాళ్లుగా ఒప్పుకున్నారు. తూర్పున వానను నమ్ముకున్న నల్లరేగడిలో ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి వంటి పాళేలు తెలుగు నాయకుల చేతికొచ్చాయి. వచ్చిన ఆదాయంలో మూడో వంతు మధురకు, మూడో వంతు సైన్యానికి, మిగిలింది పాళెగాడికి అన్నది కట్టుబాటు.

రైతుకు మధుర ఎక్కడో దూరం. వాడికి కనిపించే ప్రభుత్వం పాళెగాడి కావలివాడే. కళ్లంలో కావలి మేర (కాపలాకు ధాన్యపు వాటా) కొలిచి ఇచ్చాక ఎద్దు దొంగల పాలైతే వెతికి తేవలసింది అతనే. తేలేకపోతే దాని ఖరీదు తానే కట్టుకోవాలి. ఇంత చక్కటి పూచీ ఈనాటి పోలీసు ఠాణాలోనూ దొరకదు! కానీ పై అదుపు సడలిన కొద్దీ మేర కాస్తా బలవంతపు వసూలైంది. ఇవ్వని ఊరికి కావలివాడే దొంగయ్యాడు. పాళెగాళ్లను పొగిడేటప్పుడు ఈ ముక్క మింగేస్తాం.

1736లో మధుర నాయకుల ఏలుబడి ముగిసింది. ఆర్కాటు నవాబుతో చేసుకున్న 1792 ఒప్పందంతో పాళెగాళ్ల పేష్కష్ (కప్పం) వసూలు ఈస్టిండియా కుంపిణీ చేతికొచ్చింది. అంతవరకూ పంటనూ బలాన్నీ బట్టి బేరం సాగిన కప్పం గడువు దాటితే నేరమయ్యే బాకీగా మారింది. ఆ బాకీ తగువు ముదిరి, 1799 అక్టోబరు 16న పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మన్‌ను కాయత్తారులో ఉరితీశారు. ఆయనదీ తెలుగే, ఆయన మీద కుంపిణీకి తోడు నిలిచిన ఎట్టయపురం వారిదీ తెలుగే. అంచేత ఈ చరిత్రను భాషాభిమానంతో కొలవలేం. 1801లో పాళెగాళ్ల ఆయుధాలు లాక్కున్నారు. 1803కల్లా మిగిలిన పాళెగాళ్లు జమీందార్లయ్యారు.

పాలించినవాళ్ల రికార్డులు మద్రాసులో భద్రంగానే ఉన్నాయి. పాలితుల మాట మాత్రం ఇడైసేవల్ రైతుబిడ్డ కి. రాజనారాయణన్ 'గోపల్లగ్రామం' నవల రాసేదాకా పుస్తకాల్లోకి పెద్దగా ఎక్కలేదు. ఆయన రాసిందీ తమిళంలోనే. మీ ఇళ్లలో తాటాకులు, రాగిరేకులు, పాత భూమి పత్రాలు ఉంటే అటక మీంచి దించి ఫొటోలు తీయించండి. తెలుగు లిపి రాకపోయినా ఫరవాలేదు, చదివిపెట్టేవాళ్లం ఉన్నాం.