బళ్లారి-కృష్ణా: మరుగున పడ్డ రైలు పేరు

గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, గిద్దలూరు మీదుగా గుంతకల్లు వెళ్లే రైలుమార్గాన్ని తెల్లవాళ్లు పత్తి కోసమే వేశారని చాలామంది అంటారు. దాని తొలి పేరు మరో సంగతి చెబుతోంది: బళ్లారి-కృష్ణా స్టేట్ రైల్వే. ఒక కొసన కరువుకు లోనయ్యే మెట్ట సీమ, మరో కొసన తిండిగింజలు పండే కృష్ణా డెల్టా. 1876-78 కరువు దక్షిణాదిలో లక్షలాది ప్రాణాలు తీసింది. తిండిగింజలను కరువు సీమకు చేర్చే దారుల్లేకపోవడం ఆ ఘోరాన్ని పెంచింది. 1880 నాటి కరువు కమిషన్ రైలుమార్గాలు పెంచమంది. అందుకే సర్కారు పూనిక, అందుకే తక్కువ ఖర్చుతో అయిపోయే మీటరు గేజి.

ఈ పట్టాలే హుబ్లీ దాటి మార్మగోవా రేవును అందుకున్నాయి కదా, అది ఎగుమతికి కాదా అని అడగవచ్చు. పత్తి బేళ్లు రైలెక్కిన మాట నిజం. ఈ మార్గాన్ని నడిపిన సదరన్ మరాఠా కంపెనీ లాభం చూసుకున్న మాటా నిజమే. కానీ సరుకు ఒక్కటే లెక్కయితే, దారిలో జనం పలచగా ఉన్న నల్లమల కొండలను తొలిచి అంత వ్యయానికి ఒడిగట్టడం నాకు నమ్మశక్యంగా లేదు. ఆ కొండల్లోని బొగద సొరంగం, లోయ మీద దొరబావి వంతెన ఆ శ్రమకు సాక్ష్యాలు. 1990లలో బ్రాడ్‌గేజి వేసినప్పుడు అక్కడ లైను పక్కకు జరిగింది. దొరబావి దగ్గర ఇప్పుడు రైలు రాని రాతి స్తంభాలున్నాయి. దొనకొండలో ఆవిరి ఇంజన్ల షెడ్డూ మూతపడింది. ఆ స్తంభాల దగ్గరా, దొనకొండ స్టేషన్‌లోనూ పాత పేరుతో ఒక తెలుగు పలక పెట్టాలి.